కరుణ డబ్బాల్లో బియ్యం: నందిగామ మీదుగా జగ్గయ్యపేటకి ఒక శనివారం

ఈసారి నా ప్రయాణానికి కారణం కొండలూ జలపాతాలూ కాదు, ఒక ఫోన్ కాల్. బుధవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఏడో తరగతి నోట్సులు దిద్దుకుంటుంటే జగ్గయ్యపేట నుంచి ఎస్తేరు ఫోన్ చేసింది. ఎస్తేరూ, నందిగామలో ఉండే కరుణా, నేనూ టీచర్ ట్రైనింగులో రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నవాళ్ళం. ముగ్గురికీ ఒకే బకెట్టు, ఒకే అద్దం, ఒకే పచ్చడి సీసా. "ఒసేయ్ వసంతా, సోమవారం మీ విజయవాడలోనే నాకు ఆపరేషన్. రొమ్ములో గడ్డ. ముక్క తీసి పరీక్షకి పంపారు, మంచిది కాదన్నారు. శనివారం ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నా. కోడికూర కూడా ఉంది, వచ్చేయ్" అని ఒక్క గుక్కలో చెప్పేసింది. పెళ్ళి భోజనానికి పిలిచినా అంతకంటే హుషారుగా పిలవరు. నేనే దిద్దుతున్న నోట్సు మూసేసి, వరండా చివరికి వెళ్ళి, పిల్లలకి కనపడకుండా ఏడ్చాను.

అక్కడితో ఆగలేదు. "వస్తూ వస్తూ కరుణని తీసుకురా. అది నా కోసం ప్రార్థన చెయ్యాలి" అంది. "ఆ పని మాత్రం నావల్ల కాదే" అన్నాను. ఎందుకో చెప్పాలి. పోయినేడు మార్చిలో కరుణ భర్త దాసు పోయాడు. కిడ్నీలు పాడయ్యాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. కరుణ ఉపవాసాలుండి ప్రార్థన చేసింది. ఊరూ పేరూ నాకు తెలియని ఒక ప్రసంగీకుడు ఇంటికొచ్చి, నలభై రోజుల్లో దాసు లేచి నడుస్తాడని ప్రకటించి వెళ్ళాడు. ఆ నలభై రోజులు నిండకుండానే దాసు వెళ్ళిపోయాడు. అంత్యక్రియల రోజే ఎవరో కరుణ దగ్గరకొచ్చి, నీ విశ్వాసం చాలలేదేమో అమ్మా అన్నారు. ఆ రోజు నుంచి కరుణ చర్చి గుమ్మం తొక్కలేదు. పక్కింటివాళ్ళతో తగాదా పడినట్టు, "ఆయనతో నాకు మాటల్లేవు" అంటుంది దేవుడి గురించి.

ఆ సంగతే గుర్తు చేస్తే ఎస్తేరు, "అందుకే అదే కావాలే" అంది. "ఇక్కడ అందరూ నాకు ఇప్పటికే నయమైపోయిందని చెప్పేస్తున్నారు. వింటున్నా, నవ్వుతున్నా, వందనాలు చెప్తున్నా. నాకు భయమేస్తుందని ఆయనకి చెప్పేవాళ్ళు ఒక్కళ్ళు కావాలి. ఆ మాట కరుణకే వచ్చు. అది చెయ్యకుండా సోమవారం ఆ బల్లెక్కి పడుకోవాలంటే నాకు కాళ్ళాడట్లేదు." అలా ఈ ప్రయాణం మొదలైంది. కరుణని బయల్దేరదీయడం, ఎస్తేరు ముందు కూర్చోబెట్టడం, నోరు తెరిపించడం. మూడు పనుల్లో ఒక్కటి కూడా నా చేతుల్లో ఉన్నట్టు అనిపించలేదు. పైగా నేను శుక్రవారం అమ్మవారి గుడికి వెళ్ళే మనిషిని, వాళ్ళ ప్రార్థనల్లో నాకున్న అనుభవం ఏడాదికోసారి క్రిస్మస్ కేకు తినడం వరకే.

అయినా నిజం చెప్పేస్తాను, శుక్రవారం రాత్రి నాకు నిద్ర పట్టనిది దిగులుతో కాదు, సంబరంతో. దాసు పోయిన రోజుని లెక్కలోకి తీసుకోకపోతే, ముగ్గురం ఒకచోట కూర్చుని అన్నం తిని ఏడేళ్ళయింది. పిల్లలు, పరీక్షలు, అత్తగారి మోకాళ్ళు, ఎన్నికల డ్యూటీలు అని ఏడేళ్ళు వాయిదా వేశాం. కలవడానికి ఇలాంటి కబురే రావాల్సొచ్చిందని సిగ్గుపడుతూనే, సంచిలో బందరు లడ్డూ పెట్టెలు రెండు సర్దాను, చీర రెండుసార్లు మార్చాను.

విజయవాడ బస్టాండులో ఆరుంబావుకి జగ్గయ్యపేట పల్లెవెలుగు దొరికింది. హైదరాబాద్ వెళ్ళే పెద్ద బస్సులు బోలెడు ఉంటాయి గానీ వాటి జోలికి పోకండి. అవి జగ్గయ్యపేట ఊళ్ళోకి రావు, హైవే మీద చిల్లకల్లు దగ్గర దింపేసి పోతాయి, అక్కణ్ణుంచి మళ్ళీ ఆటో ఎక్కాలి. ఆడవాళ్ళకి పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ ఇప్పుడు డబ్బు కట్టక్కర్లేదు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ చించి ఇస్తారు. అది చేతిలోకి తీసుకోవడం నాకు ఇప్పటికీ భలే సరదా. కిటికీ పక్క సీటు దొరికించుకున్నాను. ఇబ్రహీంపట్నం దాటాక ఎండ పొడుచుకొచ్చింది. కంచికచర్ల తర్వాత కీసర వంతెన మీద మునేరులో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ కనిపించింది. ఫిబ్రవరి నెల కదా, రోడ్డుకి అటూ ఇటూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కళ్ళకి పండగే, ముక్కుకి మాత్రం కాదు. బస్సులో సగంమంది ఒకేసారి తుమ్మారు, డ్రైవరుతో సహా.

ఏడూ నలభై అయిదుకి నందిగామలో దిగాను. బస్టాండు బయట తోపుడు బండి దగ్గర ఇడ్లీ, మీద కారప్పొడి, నెయ్యి, పక్కన అల్లం చట్నీ. ప్లేటు నలభై రూపాయలు. రెండో ప్లేటు కూడా తిన్నానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను, మా ఆయన ఈ బ్లాగు చదవడు. "కోర్టుకొచ్చారాండి?" అని అడిగాడు ఇడ్లీలాయన. ఇక్కడికి పొద్దున్నే సంచి పట్టుకుని వచ్చేవాళ్ళలో సగం మంది వాయిదాలకొచ్చేవాళ్ళేనట. "ఒక మనిషిని ఒప్పించడానికొచ్చా" అన్నాను. "అయితే కోర్టుపనే అండి" అన్నాడు.

కరుణ ఇల్లు కోర్టు వెనక సందులో, నడిస్తే పది నిమిషాలు. తలుపు తీసి, నన్ను చూసి నవ్వింది, వెంటనే నవ్వు ఆపేసింది. "ఎస్తేరు పంపిందా?" అంది. అవునన్నాను. "దానికి ఫోన్లోనే చెప్పేశాగా. సోమవారం ఆస్పత్రికొస్తా. రక్తం కావాలంటే ఇస్తా. రాత్రుళ్ళు పక్కన పడుకుంటా. ప్రార్థనకి మాత్రం రాను. పోయినేడు నేను అడిగినన్ని సార్లు ఎవరూ అడిగుండరు. ఏమైందో చూశావుగా." అంటూనే కాఫీకి పాలు తేవడానికి సందు చివరి కొట్టుకి వెళ్ళింది. దాసు ఫోటో ముందు దండ తాజాగా ఉంది. ఆయనంటే నాకూ ఇష్టం. మేం ముగ్గురం కలిస్తే, తను మంచం ఎత్తుకుని బయటికి పోయి పడుకునే పెద్దమనిషి.

నాకు ఊరుకుని కూర్చోవడం చేతకాదు. అది వచ్చేలోగా పొయ్యి మీద నీళ్ళు పెడదామని వంటింట్లోకి వెళ్ళి, పంచదార కోసం గట్టు కింద అర తీశాను. పంచదార లేదు. మూడు పెద్ద ప్లాస్టిక్ డబ్బాలున్నాయి. మూడింట్లోనూ పైదాకా బియ్యం. మీద ఎండు వేపాకు, నాలుగు మిరపకాయలు. పక్కనే వేరుగా, రోజూ వండుకునే బియ్యం బస్తా. ఇద్దరే ఉండే ఇల్లు, కరుణా, ఇంటర్ చదివే కూతురూ. ఇన్ని బియ్యం దేనికో నాకు అర్థం కాలేదు. పాలు పట్టుకుని గుమ్మంలోకొచ్చిన కరుణ, తెరిచిన డబ్బాని చూసి, దొంగతనం చేస్తూ పట్టుబడ్డదానిలా నిలబడిపోయింది.

సంగతి ఇదీ. ఈ చుట్టుపక్కల క్రైస్తవ ఇళ్ళలో ఆడవాళ్ళకి ఒక అలవాటుంది. అన్నానికి బియ్యం కొలిచాక, కడిగే ముందు, అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆ గుప్పెడు దేవుడిది. ఆదివారం చర్చికి తీసుకెళ్ళి ఇచ్చేస్తారు, అక్కణ్ణుంచి అది లేనివాళ్ళ ఇళ్ళకి చేరుతుంది. హాస్టల్లో ఉన్నప్పుడు కరుణకి ఈ పిచ్చి ఎంతంటే, మెస్సులో వంటావిడ పక్కన నిలబడి తన వంతు గుప్పెడు తీయించేది. దేవుడితో మాటల్లేవని పదకొండు నెలలుగా చెబుతున్న మనిషి, ఆ పదకొండు నెలలూ పూటపూటా గుప్పెడు తీస్తూనే ఉంది. చర్చికి వెళ్ళదు కాబట్టి ఇచ్చే చోటు లేదు. డబ్బా నిండితే ఇంకో డబ్బా కొనుక్కొచ్చింది.

"అలవాటే" అంది నా మొహం చూడకుండా. "చెయ్యి దానంతటదే పోద్ది. వేసేశాక చూసుకుంటా." "అలవాటైతే వేపాకెందుకే?" అన్నాను. "పురుగు పట్టుద్దిగా." "పడితే పట్టనీ, నీకెందుకు? పోనీ వండుకు తినెయ్." కరుణ నా వంక ఎంత కోపంగా చూసిందంటే, నేను గుళ్ళో ప్రసాదాన్ని కాలితో తన్నినా అంత కోపంగా చూడదేమో. "తీసిన బియ్యం తింటారా ఎవరైనా? అది నాది కాదుగా" అంది. "మరి ఎవరిది?" అన్నాను. ఆ ప్రశ్న తెలివిగా వేసింది కాదు, నోటికొచ్చి అడిగేశాను. కరుణ పాలు గిన్నెలో పోసింది, పొంగేదాకా చూస్తూ నిలబడింది. పొంగాక స్టవ్ కట్టేసి, "ఎస్తేరు వాళ్ళ చర్చిలో ఇచ్చేసి వచ్చేస్తా. ఇంట్లో చోటు కూడా సరిపోవట్లేదు. ప్రార్థనలో మాత్రం కూర్చోను, ముందే చెప్తున్నా" అంది. నేను ఎగిరి గంతేయబోయి, పక్కనే కాగిన పాలగిన్నె ఉందని ఆగాను.

బియ్యాన్ని అలాగే తీసుకెళ్తే పరువు పోతుందని డాబా మీద పాత దుప్పటి పరిచి పోసి, గంటసేపు జల్లించాం. వేపాకు ఎంత వేసినా మొదట నిండిన డబ్బాలో పురుగు పట్టనే పట్టింది. హాస్టలు కబుర్లన్నీ ఆ గంటలోనే అయ్యాయి. వార్డెన్ గారి చెప్పుల చప్పుడు కరుణ అనుకరిస్తుంటే నవ్వలేక చచ్చాను. పదకొండు నెలల్లో అది అంత పెద్దగా నవ్వడం అదే మొదటిసారని, కింద నుంచి పైకొచ్చి తొంగి చూసిన వాళ్ళమ్మాయి మొహం చెప్పింది. మూడు గోనె సంచుల్లో పోసి కట్టాం. పదిహేను కిలోలకి తక్కువుండవు.

పదింబావుకి జగ్గయ్యపేట బస్సెక్కాం. కండక్టరు మూడు మూటల చుట్టూ ఒకసారి తిరిగి, "ఏందమ్మా, పేటలో రేషన్ షాపు గాని పెడుతున్నారా?" అన్నాడు. "దేవుడి బియ్యం బాబూ" అన్నాను నేను, కరుణ మోచేత్తో పొడిచినా వినకుండా. "అయితే ఆయన్నే ఎక్కి పట్టుకోమనండి, దారికడ్డం" అన్నాడు గానీ, తనే మూటలు డ్రైవరు వెనక్కి జరిపాడు, లగేజీ టికెట్ కొట్టలేదు. పెనుగంచిప్రోలు దారి చీలే చోట నేను అలవాటుగా తిరుపతమ్మ తల్లికి దణ్ణం పెట్టుకున్నాను. ఎస్తేరు గురించే చెప్పుకున్నాను. కరుణ చూసి, "నీకేం, హాయిగా అడిగేస్తావు" అంది. వెక్కిరింపనుకున్నాను. మొహం చూస్తే వెక్కిరింపు కాదు.

ముప్పావుగంటలో జగ్గయ్యపేట బస్టాండు. ఎస్తేరు ఇల్లు ముక్త్యాల వెళ్ళే రోడ్డు వైపు. ఆటో మాట్లాడుకుంటే ఎనభై, షేరులో అయితే మనిషికి ఇరవై. మూటలున్నాయని మాట్లాడుకున్నాం. ఆ రోడ్డంతా సిమెంటు లారీలే, చెట్ల ఆకులు కూడా బూడిద రంగులో ఉంటాయి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోండి. ఆటో ఆయనది సరిహద్దుకి అవతల కోదాడ వైపు ఊరు. చిరునామా చెప్పేలోగానే, "ఎస్తేరు టీచరమ్మ ఇంటికేనా? సోమారం ఆపరేషనంట గదా. మా బిడ్డకి ఎక్కాలు ఆమెనే నేర్పింది. మంచిగైతదమ్మా, ఏం కాదు" అన్నాడు. కరుణ తల తిప్పుకుని లారీల వైపు చూసింది. ఏం కాదు అనే మాట దానికి పడదు. పోయినేడు చాలా విన్నది. ఆయన మాత్రం మూటలు గుమ్మం దాకా మోసి, ఎనభైలో ఇరవై వెనక్కిచ్చేసి వెళ్ళిపోయాడు.

ఎస్తేరు వాకిట్లోనే ఉంది. పసుపురంగు చీర, తలనిండా కనకాంబరాలు. ముందు నన్ను వాటేసుకుంది. కరుణ దగ్గరకొచ్చేసరికి ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. "బియ్యం ఇచ్చిపోదామని వచ్చా" అంది కరుణ. "అలాగేలే, ఇచ్చిపో. అన్నం తినైనా పో" అంది ఎస్తేరు, ఇంకేమీ అనకుండా. ఇల్లంతా చాపలు పరిచి ఉన్నాయి, నలభై మంది దాకా వచ్చారు. నేను అన్నయ్యా అని పిలిచే ఎస్తేరు భర్త జోసెఫ్, ఫ్యాక్టరీలో సెలవు పెట్టి, మంచినీళ్ళ బాటిళ్ళు మోస్తున్నాడు. ఎవరైనా పలకరిస్తే చేతిలో ఒక బాటిల్ పెట్టి ముందుకెళ్ళిపోతున్నాడు. కరుణ గుమ్మం లోపలికి అడుగు పెట్టకుండా, ఇంటి పక్క సందులోంచి మూటలు మోసుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయింది. "బస్సు టైముకి పిలువు" అని నాతో చెప్పింది.

నేను లోపల ఎస్తేరు పక్కన కూర్చున్నాను. అందరిలాగే నేనూ తలమీద కొంగు కప్పుకున్నాను. పాటలు మొదలయ్యాయి. ఎంత బాగా పాడారో! డోలక్కు, కంజీర, చప్పట్లు, నాకు తెలియని పాటకి నేనూ చప్పట్లు కొట్టేశాను. తర్వాత ఒక్కొక్కరే లేచి ప్రార్థన చేశారు. నయమైపోయింది ప్రభువా, గడ్డ కరిగిపోయింది ప్రభువా, డాక్టర్లు ఆశ్చర్యపోతారు ప్రభువా. వాళ్ళ ప్రేమని నేను శంకించను, కళ్ళనీళ్ళతో అడిగారు. ఎస్తేరు ప్రతిదానికీ నవ్వుతూ ఆమెన్ అంది. కానీ కొంగు చాటున నా చెయ్యి పట్టుకుని ఉంది. ప్రార్థన గట్టిగా అయినకొద్దీ ఆ పట్టు బిగిసింది. నా ఉంగరం వేలికి గుచ్చుకుని నొప్పి పుట్టింది, అయినా చెయ్యి లాక్కోలేదు. పాస్టరు గారు "ఇంకెవరైనా చేస్తారా?" అన్నప్పుడల్లా ఎస్తేరు కళ్ళు తెరిచి పెరటి తలుపు వైపు చూసింది. అక్కడెవరూ లేరు.

ఒక దశలో మంచినీళ్ళ వంకతో నేనే లేచి పెరట్లోకి వెళ్ళాను. అక్కడ ఇంకో యుద్ధం నడుస్తోంది. ఈ చర్చివాళ్ళ పద్ధతి ఏమిటంటే, ఎవరైనా ఆపరేషన్‌కి వెళ్తుంటే, అందరి ఇళ్ళ గుప్పెళ్ళూ కలిపి ఆ ఇంట్లోనే వండి, ఆ మనిషితో కలిసి తిని పంపిస్తారు. పద్ధతి బాగుంది గానీ వండేవాళ్ళకి నరకం. ఒకరింటి బియ్యం పాతవి, ఒకరివి కొత్తవి, కొన్ని రేషన్‌వి. కొలిచి నీళ్ళు పోసి ఎసట్లో వేస్తే సగం ముద్ద, సగం పలుకు. పాస్టరమ్మ గారు, అంటే పాస్టరు గారి భార్య, పెద్ద గుండిగ ముందు నిలబడి చెంబుతో నీళ్ళు కొలుస్తున్నారు. కరుణ గోడవారగా స్టూలు మీద కూర్చుని, నాకేం పట్టదన్నట్టు చూస్తోంది. నాలుగో చెంబు దగ్గర దానికి ఓపిక అయిపోయింది. "అట్లా కొలిచి పోస్తే ఎట్లా అండీ? పాత బియ్యానికి ఒక లెక్క, కొత్తవాటికి ఒక లెక్క. ఇవి మా ఇంట్లోవి, పాతబడి రాళ్ళయిపోయాయి. జరగండి కాస్త" అని లేచింది.

కొంగు బిగించింది. బియ్యమంతా కలిపి కడిగి అరగంట నానబెట్టింది. గుండిగ నిండా నీళ్ళు మరగనిచ్చి, బియ్యం పోసి, ముప్పాతిక ఉడకగానే గంజి వార్చేసింది. పొయ్యిలో మంట లాగేసి, గుండిగని నిప్పుల మీదే ఉంచి, దాని మీద తడిబట్ట వేసి మూత పెట్టి, మీద నీళ్ళబిందె బరువు పెట్టింది. అంతా ఒక్క చేతి మీద. పాస్టరమ్మ గారు పక్కన నిలబడి నోట్సు రాసుకునే విద్యార్థిలా చూశారు. పావుగంట తర్వాత మూత తీస్తే మెతుకు మెతుకూ విడిగా ఉంది. నేను ఒక ముద్ద ఉత్తదే నోట్లో వేసుకున్నాను. ఇన్ని ఇళ్ళ బియ్యమని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. కరుణ మొహం మీద చెమట, మసి, చాలా రోజుల తర్వాత ఒక పని బాగా చేసిన సంతోషం.

ఒకటిన్నరకి లోపల ప్రార్థన అయింది. పెరట్లోనే విస్తళ్ళు వేశారు. మామిడికాయ పప్పు, దోసకాయ పచ్చడి, బంగాళదుంప వేసిన కోడికూర, చారు, మజ్జిగ. కరుణ గుండిగ వెనకే నిలబడి వడ్డనకి గరిటె తీసుకుంది. అప్పుడు పాస్టరమ్మ గారు, "అమ్మా, మా దగ్గర అన్నం వండినవాళ్ళే భోజన ప్రార్థన చెయ్యాలి. నేను వండుంటే నేను చేసేదాన్ని" అన్నారు. ఆవిడ కావాలని అనలేదు, ఆవిడకి కరుణ కథ తెలియదు కూడా. కరుణ గరిటె పట్టుకుని అలాగే ఉంది. ప్రార్థన తప్పించుకుందామని పెరట్లోకి పారిపోయిన మనిషిని పెరడే పట్టుకుంది. నలభై మంది విస్తళ్ళ ముందు కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం మూసుకోలేదు. ఎస్తేరు కూడా మూసుకోలేదు.

పొయ్యిలో నిప్పు చిటపటమంటోంది. చివరికి కరుణ కళ్ళు మూసుకుని, చిన్నప్పుడు నేర్చుకున్న వరసలో, "ప్రభువా, ఈ ఆహారం ఇచ్చినందుకు వందనాలు. వండిన చేతుల్ని, తినేవాళ్ళని దీవించు" అంది. అక్కడ ఆమెన్ రావాలి. రాలేదు. గరిటె గుండిగ అంచు మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత దాని మామూలు గొంతుతో, నాతో మాట్లాడినట్టే మాట్లాడింది. "నీ మీద నాకు కోపం పోలా. అది నీకూ తెలుసు. నిన్నింకేమీ అడక్కూడదనుకున్నా. ఇప్పుడు అడుగుతున్నా. ఎస్తేరుకి భయంగా ఉంది. పైకి నవ్వుతుంది, పూలు పెట్టుకుంది, లోపల మాత్రం వణికిపోతుంది. సోమవారం దాని పక్కనుండు. దాన్ని ఇంటికి పంపించు." గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "దాసుకి చేసినట్టు చెయ్యకు. ఆమెన్."

ఆమెన్ అని మొదట గట్టిగా అన్నది నేనే. నలభై మంది నా తర్వాత అన్నారు. ఎస్తేరు మాత్రం, బుధవారం నుంచి ఎవరి ముందూ కంట నీరు పెట్టని మనిషి, విస్తరి ముందు కూర్చుని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. జోసెఫ్ అన్నయ్య బాటిళ్ళు కింద పెట్టేసి వచ్చి దాని పక్కన కూలబడ్డాడు. కరుణ గుండిగ చుట్టూ తిరిగి వచ్చి, మసి చేతుల్తోనే దాని తల పొట్టకి ఆనించుకుని నిలబడింది. కొంతసేపయ్యాక పాస్టరమ్మ గారు కళ్ళు తుడుచుకుని, "అన్నం చల్లారిపోతుందమ్మా, తినండి" అన్నారు. ఎస్తేరు మూడుసార్లు అన్నం పెట్టించుకుంది. నేను కోడికూర ఎన్నిసార్లు పెట్టించుకున్నానో అడక్కండి.

నాలుగింటి బస్సుకి నేను సంచి తీసుకుని లేచాను. కరుణ లేవలేదు. "నువ్వెళ్ళు. అమ్మాయిని పక్కింట్లో పడుకోమని ఫోన్ చేశా. నేను సోమవారం దీంతో పాటే వస్తా" అంది. "బట్టలో?" అన్నాను. "దాని నైటీలున్నాయిగా." ఎస్తేరు నాకంటే పొట్టి, కరుణ నాకంటే పొడుగు. అది ఆ నైటీలో ఎలా ఉంటుందో తలుచుకుని ముగ్గురం ఏడుపు మొహాలతోనే పగలబడి నవ్వాం. ఆదివారం వాళ్ళిద్దరూ చర్చికి వెళ్ళారో లేదో నేను అడగలేదు. సోమవారం స్కూలుకి సెలవు పెట్టి ఆస్పత్రి వరండాలో కూర్చున్నాను. పక్కన కరుణ, మెళ్ళో తువ్వాలు, కాళ్ళు పైకి కనిపించే నైటీ. థియేటరు తలుపు మూసుకున్నాక మూడు గంటలూ దాని పెదాలు కదులుతూనే ఉన్నాయి.

ఇది రాసే సమయానికి ఎస్తేరుని వార్డులోకి మార్చారు. గడ్డ తీసేశారు, ఇంకా చాలా చికిత్స ఉందన్నారు. అంతా అయిపోయిందని నేను రాయను, అలా రాస్తే కరుణ ఊరుకోదు. ఇన్నాళ్ళూ నేను నమ్మకమంటే అనుమానం లేకపోవడం అనుకున్నాను, అందుకే నాకు అది అంతగా లేదని కూడా అనుకున్నాను. కోపం పోకుండానే అడగొచ్చని, అడిగితే పక్కవాళ్ళ భయం సగానికి తగ్గుతుందని జగ్గయ్యపేట పెరట్లో చూశాను. ఆపరేషన్ తర్వాతి శుక్రవారం గుడికి వెళ్ళినప్పుడు నేనూ అమ్మవారికి మొదటిసారి, నాకు భయంగా ఉందమ్మా అని చెప్పాను. తేలిగ్గా అనిపించింది. ఇక మీరు ఇలాంటి ప్రయాణానికి బయల్దేరుతుంటే నా సలహా ఒకటే. తిరిగి వచ్చే టికెట్ ముందుగా తీసుకోకండి, సంచిలో ఒక జత బట్టలు ఎక్కువ పెట్టుకోండి. ఎవరి పక్కన ఉండిపోవాలనిపిస్తుందో బస్సెక్కేటప్పుడు తెలియదు. కరుణకీ తెలియదు, బియ్యం ఇచ్చేసి వచ్చేద్దామనే బయల్దేరింది.